మంచె మీద కోట

ఫోన్ కుడితి తొట్టిలో మునిగిపోయింది. పైన తవుడు తేలుతోంది, వంకాయ తొడిమలు తేలుతున్నాయి. ఫోన్ మాత్రం అడుక్కి పోయింది.

మునిరాజ మోచేయి దాకా చేయి పెట్టి దేవులాడుతున్నాడు. ఉష పుట్టింటి నుంచి తోలుకొచ్చిన పొట్టి ఆవు తన తొట్టిలో చేయి పెట్టిన మనిషిని చూసి బుస కొట్టింది.

"ఇంకా లోపలికి పెట్టు," అంది ఉష. బిడ్డను చంకనేసుకుని గడపలో నిలబడి ఉంది. "రేకు కొట్టేదానికి రాని చెయ్యి కుడితికన్నా వస్తాది."

"కొట్టినా అని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

"కొట్టినోడు ఒకసారి చెప్తాడు. నువ్వు సోమవారం నుంచి చెప్తానే ఉండావు."

"ఆ పొద్దు నువ్వు యాడుండావు? పుంగనూర్లో మీ అమ్మ పక్కలో పండుకోని ఉండావు. నీకేం తెలుసు?"

"నాకు నువ్వు తెలుసు. అది చాలు."

కొండప్ప వాకిట్లోకి వచ్చాడు. నెత్తిన గడ్డిమోపు ఉంది. దాన్ని దించకుండానే కొడుకు చేతివైపు, తొట్టివైపు చూశాడు.

"ఏమ్మా ఇది?"

"ఫోన్ మామా. ఇన్ని దినాలు అది మనుషుల్ని తినింది. ఇంక దాన్ని ఎవురైనా తింటే బాగుంటాదని ఆవుకు వేసినా."

వేరే రోజైతే కొండప్పకు నవ్వొచ్చేది. గడ్డిమోపు దించి తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"ఆడ వెంకటప్ప పెదమామ తొడ ఎముక ఇరిగి కుప్పం ఆస్పత్రిలో పడి ఉండాడు. ఆయన సేనంతా ఏనుగులు తొక్కి చాపలాగా పరిసినాయి," ఉష ఆగలేదు. "ఈయప్ప కోడి కూయకముందే లేసి, కంబళ్ళో దూరి ఫోన్ ఆటలో లెవెల్ పెంచుతాండాడు. ఏందా అని కంబడి ఎత్తి చూస్తే ఒక ఆడది. నెత్తిన కిరీటం, ఒంటి మీద ఈకలు. దానికి ఆరోగ్యం పెరగల్లంట. ఈడ బిడ్డకు జలుబు."

"అది హీలర్," అన్నాడు మునిరాజ తొట్టిలోకి వంగే. "యుద్ధంలో దెబ్బలు తగిలినోళ్ళకి నయం చేస్తాది."

"అయితే కుప్పానికి పంపించు."

మునిరాజ తలెత్తాడు. చెంప మీద తవుడు అంటుకుని ఉంది. బదులు చెప్పబోయి తండ్రిని చూసి మింగేశాడు.

"ఇద్దరూ నోరు మూయండి," అన్నాడు కొండప్ప. "ఉషమ్మా, ఫోన్ సంగతి వేరే, కాపు సంగతి వేరే. ఫోన్ పట్టుకుంటే వీడు మనిషి కాదు, నాకూ తెలుసు. కాపు మాత్రం కాసినాడు. ఊరంతా సెప్పింది."

ఊరు చెప్పిన మాట నిజమే. ఆ వారమంతా మునిరాజ ఊరికోసమే మంచె ఎక్కాడు.

అడవి అంచున మొదటి మంచె ఒకటుంది. ఏనుగులు దిగేది ఆ వైపు నుంచే. ఇంటికొకరు వంతు వేసుకుని దాన్ని ఎక్కుతారు. గుంపు కనబడగానే పైనున్నవాడు రేకు డబ్బా వాయించాలి. ఆ చప్పుడు విని, కింద రెండో మంచెలో ఉండే వెంకటప్ప తన రేకు వాయించాలి. అది విని ఊరు లేస్తుంది. మధ్యలో గుట్ట అడ్డం కాబట్టి మొదటి రేకు ఊరికి వినబడదు. వెంకటప్పకు ఒక్కడికే వినబడుతుంది. రెండో మంచె ఆయన చేనులోనే ఉంది. దాన్ని ఆయన ఎవరికీ వదలడు. ఊరు ఇన్నాళ్ళూ ఆయన చెవిని నమ్మి నిద్రపోయింది.

పోయిన వారం ఉష పుట్టింటికి పోయింది. అప్పుడు మునిరాజ ఇంటింటికీ పోయి, మీ వంతు నేను కాస్తా, మీరు పండుకోండి అన్నాడు. చలికాలం. కాదన్నవాడు లేడు. మదనపల్లెలో సెల్ షాపు పని వదిలేసి వచ్చిన నాటి నుంచీ ఏ పనికీ వంగని మనిషి ఊరి కాపు నెత్తిన వేసుకున్నాడంటే కొండప్పకు నమ్మబుద్ధి కాలేదు. నమ్మాక గర్వం వచ్చింది. కోడలిని తీసుకురావడానికి పుంగనూరు పోయినప్పుడు వియ్యంకుడి ముందు ఆ మాట రెండుసార్లు ఎత్తాడు.

సోమవారం పొద్దున కోడలితో బస్సు దిగేసరికి ఊరు ఊరంతా, రాత్రి ఏనుగులు తొక్కిన వెంకటప్ప చేనులో ఉంది.

మునిరాజ అప్పటికే చెప్పేశాడు. రేకు పగిలేటట్టు వాయించాననీ, కింది నుంచి బదులు రాలేదనీ. ఊరు తల ఊపింది. ముసలాయనకు చెవుడొచ్చింది పాపం అంది. కొండప్ప కూడా అన్నాడు.

"ఊర్లో సిగ్నల్ తెగకుండా యాడ ఉంటాది మామా?" అంది ఉష మెల్లగా. "ఆ మంచె మీద తప్ప?"

కొండప్ప ఆమె వైపు చూశాడు. ఆవు తొట్టివైపు మెడ చాచి గొలుసు లాగింది.

చివరికి మునిరాజకు ఫోన్ దొరికింది. పంచె అంచుతో తుడిచాడు, నొక్కాడు, ఊదాడు, మళ్ళీ నొక్కాడు. అది చచ్చింది. కొడుకు ఏడుస్తాడో, పెళ్ళాం మీదికి చేయెత్తుతాడో అని కొండప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. రెండూ జరగలేదు. మునిరాజ ముఖం తేరుకుంది.

"పర్వాలేదు," అన్నాడు. "ఫోన్ పోయినా క్యారెక్టర్లు పోవు నాయనా. అవి సర్వర్లో ఉంటాయి. యాడికీ పోవు."

ఊరటపడ్డ ఆ ముఖం చూసి కొండప్పకు చెప్పులేని కాలితో పేడలో అడుగు వేసినట్టయింది.

*

కుప్పం ఆస్పత్రిలో వెంకటప్ప మంచం దగ్గర అందరూ అరుస్తున్నారు.

నర్సు వంగి ఆయన చెవి దగ్గర అరిచింది, "తాతా! మాత్ర వేసుకున్నావా!" పక్క మంచం వాళ్ళ చుట్టం అరిచాడు, "మీది రామకుప్పం పక్కనా పెద్దాయనా!" వెంకటప్ప ఒక్కో అరుపుకూ కళ్ళు మూసి తెరుస్తున్నాడు. చెవుడొచ్చిందని ఊరు అంది. ఊరి నుంచి వచ్చినవాళ్ళు వార్డుకు చెప్పారు. అప్పటి నుంచీ ఆయనతో మెల్లగా మాట్లాడిన మనిషి లేడు.

కొండప్ప కూడా అరిచాడు. "యెట్ల ఉండాదన్నా!"

"ఉండాదిలే కొండప్పా. రా, కూర్చో."

వెంకటప్ప భార్య లక్ష్మీదేవమ్మ స్టూలు జరిపింది. కొండప్ప సంగటి డబ్బా ఆమె చేతికిచ్చాడు. ఆమె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది.

"ఆపరేషన్ అంటాండారు," అంది. "దానికేం భయం లేదు. ఈయనకు కాలు బాధ లేనే లేదు. చెవి బాధే."

"నిద్ర పోయినావేమో అన్నా. అలిసిపోయి."

"పోలే," అన్నాడు వెంకటప్ప. "బీడీ ముట్టించుకోని కూర్చోనుండా. గబ్బిలం పోయినా వినపడె. నక్క కూసినా వినపడె. మునిరాజ రేకు మాత్రం వినపడలే. అరటి మొక్కలు ఇరిగే చప్పుడుకు తిరిగి చూస్తే గుంపు సేన్లో ఉండాది." కాసేపు పైకప్పు వైపు చూశాడు. "అదే నాకు అర్థం కాదు కొండప్పా. చెవుడంటే అన్నీ పోవల్ల గదా. రేకు ఒకటే యెట్ల పోయింది?"

కొండప్ప దగ్గర జవాబు ఉంది. అది కొడుకు ఇచ్చిన జవాబు. దాన్నే అందించాడు.

"మావోడు పగిలేట్ల కొట్టినాడంట అన్నా."

"అవును గదా," అన్నాడు వెంకటప్ప. "పిలగాడు అబద్ధం యాల సెప్తాడు? వారమంతా నిద్ర మానుకోని ఊరికి కాపు కాసినోడు." చేయి చాచి కొండప్ప మోకాలు తట్టాడు. "నా చెవే పోయింది. ముక్తియార్ సాయిబుకు కబురు పంపినా. రేపు మదనపల్లె నుంచి వస్తాడు."

"ముక్తియార్ యాల?"

"సేను గుత్తకిచ్చేస్తా. టమాటా పెట్టుకుంటాడంట. కరెంటు కంచె వేసుకుంటాడంట. మంచోడే."

"నువ్వేం సేస్తావు?"

"మా బిడ్డ వసుధ ఇంటికి పోతా. మదనపల్లెలో వాకిట్లో కూర్చుంటా."

లక్ష్మీదేవమ్మ నోట్లో కొంగు పెట్టుకుంది. ఆమె మెట్టినింటి చేను అది. అడవిని కొట్టి చేసిన చేను. కూతురింటి వాకిలి ఆమె రెండుసార్లు చూసింది. అది మెట్ల కింద ఒక గచ్చు. మనిషి కూర్చుంటే బండి పెట్టుకోవడానికి ఉండదు.

"ఒక్క ఏడాది పోతే ఏమన్నా?" అన్నాడు కొండప్ప. "అంతమాత్రానికి సేను ఇడుస్తావా?"

"పైరు కోసరం కాదప్పా. నా చెవిని నమ్ముకోని ఊరు పండుకుంటాది. ఈసారి నా కాలు పోయింది. మళ్ళీ దినం ఎవురి బిడ్డ పోతాడో. చెవుడొచ్చినోడు ఆ సేన్లో ఉండకూడదు."

మాట అంతే. దాని మీద ఇంకో మాట లేదు.

చెయ్యి కడుక్కునే నెపంతో కొండప్ప బయటికి వచ్చాడు. కొళాయి దగ్గర ఒక కుర్రాడు ఎదురయ్యాడు. చేతిలో బిస్కెట్ పొట్లం, భుజాన సంచి. కుప్పంలో సెల్ రిపేరు అంగడి ఆరిఫ్. మునిరాజతో ఒకసారి ఇంటికి వచ్చి అన్నం తిని పోయాడు.

"సలామ్ పెద్దాయనా. మునన్న పెదనాయన ఈడ ఉండాడంటే చూసిపోదామని వచ్చినా. అన్న రాలేదా? పొద్దట్నుంచి ఫోన్ కలవడం లేదు. మా గ్రూపంతా పరేషాన్‌గా ఉండాది."

"ఫోన్ పాడైంది."

"అల్లా!" ఆరిఫ్ నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "ఈ వారంలోనే పాడవ్వాలా? పెద్దాయనా, అన్న మామూలు మనిషి కాదు. మీకు తెలీదు. మూడు క్యారెక్టర్లను ఒకే వారంలో పైకి తెచ్చినాడు. పోయినది డబుల్ పాయింట్ల వారం గదా. వారం మొదట్లో చూస్తే ఆ హీలర్ ఉత్త పసిబిడ్డ, కప్పను కూడా చంపలేదు. గురువారానికి దాన్ని రాణిని చేసినాడు. తర్వాత విల్లుకాడు. ఆ తర్వాత డాలు పట్టుకునే రాక్షసుడు. ఒకే అడవి, అవే తోడేళ్ళు. చంపేది, అవి లేసేది, మళ్ళీ చంపేది. మాకు విసుగొచ్చి పోతాం. అన్నకు విసుగు రాదు."

"చచ్చిన తోడేళ్ళు యాల లేస్తాయి?"

"మళ్ళీ చంపేదానికి పెద్దాయనా."

కొండప్ప కొళాయి కట్టేశాడు. ఆ తోడేళ్ళ సంగతి ఆలోచించాడు. అడ్డ గాడిదలాగా ఎదిగిన కొడుకు మంచె మీద కూర్చుని వారం రోజులు చచ్చినదాన్నే చంపాడు.

"మంచె మీదనేనా ఇదంతా?"

"ఆడనే గదా సిగ్నల్ బాగుండేది. ఆదివారం రాత్రి చూడల్ల మీరు! మా కోట మీదికి అవతలి గ్రూపోళ్ళు వచ్చినారు. అన్న రాక్షసుడు గేట్లో నిలబడితే వెనక మేమందరం. అన్న పక్కకు జరిగితే అందరం ఖతం. తెల్లారేదాకా కదల్లేదు పెద్దాయనా. నీళ్ళకు లేయలేదు, ఒంటికి లేయలేదు. ఒక్కరంటే ఒక్కరం చావలేదు. అట్లా కాపు కాసినాడు."

"ఒక్కసారి కూడా లేయలే?"

"లేస్తే నాకు తెలీదా? మాట్లాడుకుంటానే ఆడతాం గదా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. నడుమ ఒకసారి 'ఏనుగులు పోతాండాయిరా కాలవ గట్టున' అన్నాడు. మాకు బయమేసింది. 'అన్నా ఇప్పుడు లేయొద్దు, కొంచేపే' అన్నాం. 'మా చేన్లోకి రాలేదులే, పోతాండాయి' అని ఆడేసినాడు. అడివి పక్కనోళ్ళు మీకు అది మామూలేమో అనుకున్నా—"

ఆరిఫ్ ఆగాడు. కొండప్ప ముఖం చూశాడు. వార్డు తలుపు చూశాడు. చేతిలోని బిస్కెట్ పొట్లం చూసుకున్నాడు.

"పెద్దాయనా," అన్నాడు. "లోపల ఆయనకు కాలు ఇరిగింది... ఆ రాత్రేనా?"

ఆరిఫ్ పొట్లాన్ని కొళాయి గట్టు మీద పెట్టి, దాన్ని ముట్టుకోవడానికి కూడా తనకు అర్హత లేనట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు. కొండప్ప బస్టాండు వైపు నడిచాడు. సంగటి డబ్బా వార్డులోనే మరిచిపోయాడు.

*

ఇంటికి వచ్చేసరికి మునిరాజ రాగుల డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు. ఫోన్‌ను రాగుల్లో పూడ్చి పెట్టాడు. తడి లాగుతుందట. మధ్య మధ్య తీసి చూస్తున్నాడు, పొదిగిన గుడ్డును చూసినట్టు.

"ఏనుగులు ఏ పక్క నుంచి పోయినాయి?" అన్నాడు కొండప్ప, చెప్పులు విడవకుండానే.

"కాలవ గట్టున." మునిరాజ వెంటనే ఇంకో మాట కలిపాడు. "చూసినా గదా. చూసే రేకు కొట్టినా."

"ఆరిఫ్ కనపడినాడు."

మునిరాజ రాగుల డబ్బా మూత పెట్టాడు. మెల్లగా, చప్పుడు కాకుండా. చాలాసేపు మూత మీద చేయి తీయలేదు.

ఉష పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇద్దరి ముఖాలూ చూసి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఐదు నిమిషాలు నాయనా," అన్నాడు మునిరాజ చివరికి. "ఐదు నిమిషాలు ఆగి కొడదామనుకున్నా. నేను జరిగితే వాళ్ళందరూ పోతారు. వారమంతా ఒక్కో లెవెల్ ఎట్ల ఎక్కించినానో నీకేం తెలుసు? నన్ను నమ్ముకోని ఉండారు వాళ్ళు."

"వాళ్ళెవురు?"

"ఆరిఫ్... ఇంకా ఉండారు. బెంగుళూరోళ్ళు. పేర్లు తెలీవు."

"పేర్లు తెలీవు," అన్నాడు కొండప్ప. "పెదనాయన పేరు తెలుసునా నీకు?"

"మన చేన్లోకి వస్తే కొట్టేవాణ్ణే. గట్టున పోతా ఉంటే అట్లనే అడివిలోకి తిరుక్కుంటాయి అనుకున్నా."

ఉష బిడ్డను గట్టిగా అదుముకుంది.

"నువ్వు నిద్రపోయింటే," అన్నాడు కొండప్ప, "చెప్పుతో కొట్టి ఊరుకుండేవాణ్ణి. నిద్ర ఎవురికైనా వస్తాది. నాకూ వచ్చింది. నువ్వు మేలుకోని ఉండావు. కళ్ళు తెరుసుకోని ఉండావు. సూసి, లెక్క సేసి, మన సేను కాదులే అని కూర్చున్నావు. దానికి నా దగ్గర చెప్పు లేదు."

మునిరాజ తల వంచుకున్నాడు. కొండప్పకు ఆ వంచిన తల చూస్తే కూడా అసహ్యమే వేసింది. అదే వంపు, ఫోన్ మీదికి వంగే వంపు.

"రేపు కుప్పం పోయి నీ నోటితో సెప్పు. ముక్తియార్ రాకముందే సెప్పల్ల. ఆయన చెవులు బాగుండాయని సెప్పు."

"చెప్తే ఏమైతాదో తెలుసు గదా నీకు?"

తెలుసు. ఉషకూ తెలుసు. పాలు తాగే బిడ్డకు తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు. కాపు తప్పినవాడి చేనులో పైరంతా నష్టపోయినవాడిది. తాతల నాటి కట్టు. కోతకొచ్చిన చేను గట్టున తప్పు చేసినవాడు తన కొడవలి పెట్టి పక్కకు జరగాలి. ఎదుటివాడు దాన్ని తీసుకుని కోసుకుపోతాడు. కొండప్ప రాగి చేను బంగారు రంగుకు తిరిగింది. ఏనుగులు దాని పక్కనుంచే పోయాయి, ఒక్క కంకి కూడా రాలలేదు.

"చేను పోతాదా మామా?" అంది ఉష.

"పోతాదమ్మా."

"అంతా?"

"అంతా."

ఆమె బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. కొండప్ప ఆమె ఏమంటుందోనని చూశాడు. ఆమె పొయ్యి దగ్గరికి పోయి మామకు సంగటి పెట్టింది. తను తినింది. మొగుడి కంచం బోర్లించింది.

పొద్దున్నే ఆమె లేచి పెద్ద క్యారియర్ కట్టింది. నాలుగు గిన్నెలది, పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టినది. దాన్ని మామ చేతికిచ్చింది.

"అందరూ తినండి మామా," అంది. మొగుడివైపు చూడకుండా తర్వాతి మాట అంది. "చెప్పినాక తినండి."

*

బస్సులో మునిరాజ కిటికీ పక్క కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. బొటనవేలు మాత్రం తొడ మీద కదులుతోంది, అద్దం మీద రాసినట్టు. కొండప్ప ఆ వేలు చూడలేక ముందు సీటు కడ్డీ చూశాడు.

"నేనే చెప్తా నాయనా," అన్నాడు మునిరాజ, కుప్పం దగ్గరపడ్డాక. "నువ్వు మధ్యలో రావద్దు. నా నోటితో నేను చెప్తా."

కొండప్ప తల ఊపాడు. లోపల ఏదో కాస్త లేచి నిలబడింది. ఇంకా కొడుకు మీద ఆశేనా అని దాన్ని తిట్టుకున్నాడు.

వార్డులో వెంకటప్ప దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ముక్తియార్ సాయిబు ముందు మంచానపడ్డ మనిషిలాగా కనబడటం ఆయనకు ఇష్టం లేదు. లక్ష్మీదేవమ్మ మంచం అంచున దువ్వెన పట్టుకుని ఉంది.

"పొద్దున్నే బయల్దేరినాడంట సాయిబు," అంది కొండప్పతో. "ఇంకాసేపట్లో వస్తాడు."

మునిరాజ ముందుకు నడిచాడు. మంచం పక్కన నిలబడ్డాడు.

"పెదనాయనా," అన్నాడు. అందరిలాగా అరవలేదు. మామూలుగానే అన్నాడు.

వెంకటప్ప ముఖం విచ్చుకుంది. రెండు చేతులూ చాచి మునిరాజ చేయి పట్టుకున్నాడు.

"నువ్వే వచ్చినావా నాయనా. నేనే నీకు కబురు పెడదామనుకుంటి. ముందు నా మాట విను. నువ్వు రేకు కొట్టి కొట్టి చేతులు పోయేట్ల కొట్టింటావు. కింది నుంచి బదులు రాకపోతే నీకెంత బయమేసిందో. ఒక్కడివే, అడివి మొగాన. నా చెవి పోయింది, నాకు తెలీక పాయ. తెలిస్తే ముందే మంచె దిగేవాణ్ణి. తప్పు నాది. మనసులో పెట్టుకోవద్దు నాయనా. క్షమించు."

లక్ష్మీదేవమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

కొండప్ప కొడుకును చూశాడు. ఇప్పుడు చెప్తాడు. ఈ మాట విన్నాక రాయి కూడా చెప్తుంది.

మునిరాజ పెదవులు కదిలాయి. కళ్ళు ఒకసారి కిటికీ వైపు పోయి వచ్చాయి.

"పర్వాలేదులే పెదనాయనా," అన్నాడు. "వయసైతే ఎవురికైనా అంతే. నేనేమీ అనుకోలేదు."

క్షమించాడు. తన కొడుకు ఆ మనిషిని క్షమించాడు.

కొండప్ప క్యారియర్‌ను కింద పెట్టాడు. మంచం దగ్గరికి పోయి, కొడుకును భుజంతో పక్కకు నెట్టి, వెంకటప్ప ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నా, ఇది చెవి సంగతి కాదు. ఆ పొద్దు—"

మునిరాజ తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. గోళ్ళు దిగేటట్టు పట్టుకున్నాడు. తండ్రి చెవి దగ్గరికి వంగి, ఊపిరి కంటే కొంచెం ఎక్కువ చప్పుడుతో అన్నాడు.

"నాయనా, వద్దు. మన చేను పోతాది."

పక్కనే ఉన్న లక్ష్మీదేవమ్మ దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలు తీసుకుంటోంది. ఆమె తలెత్తలేదు. ఆమెకు ఏమీ వినబడలేదు.

మంచం మీద వెంకటప్ప మెడ నిలిపాడు. కొండప్పను చూశాడు. మణికట్టు మీది చేతిని చూశాడు. ఆ చేయి మీదుగా మెల్లగా మునిరాజ ముఖం దాకా చూపు ఎత్తాడు.

"మీ సేను యాల పోతాది మునిరాజా?" అన్నాడు.